బరువు పక్కన మైనస్

ఆ ఏడు మొదట్లో త్రాసాయన చేతిలో ఉన్నవి ఇవి: బజారు మలుపులో ఒక తాళాల షాపు, షాపు వెనక సందులో ఒక పోత షెడ్డు, ఆ షెడ్డులో ఇత్తడి కరిగించి తాళాలు పోసే అన్న, పన్నెండు రకాల తాళాలు, ముప్ఫై నాలుగేళ్ళ అనుభవం, నాలుగు వందల పన్నెండు మంది నింపి ఇచ్చిన ప్రశ్నల కాగితాలు. వీటితోపాటు, మనిషి మొహం చూస్తే జేబు లోతు తెలిసిపోతుందన్న నమ్మకం ఒకటి. మిగిలినవాటికంటే దాన్నే ఆయన భద్రంగా దాచుకున్నాడు.

ఆయనకి ఆ పేరు రావడానికి కారణం షాపు బల్ల మీది త్రాసు. తండ్రి పెట్టిన పద్ధతి అది. తాళం ఏదైనా సరే, కొనేవాడి కళ్ళెదుటే తూకం వేస్తారు. గ్రాముకి ఇంత అని ధర. బేరం ఉండదు. "ఇత్తడి మాట్లాడుతుంది, నేను నోరు మూసుకుంటాను" అనేవాడు తండ్రి. కొడుకు ఆ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించాడు, నోరు మూసుకోవడం ఒక్కటే అబ్బలేదు.

రెండేళ్ళుగా అమ్మకం జారుతూ వచ్చింది. బజారు రెండో చివర కొత్తగా తెరిచిన షాపులోకి రేకు తాళాలు దిగాయి. పలచటి రేకుని యంత్రంతో నొక్కి చేసినవి, జేబులో వేసుకున్నా ఉన్నట్టు తెలియనివి. అది చాలదన్నట్టు ఇప్పుడు అన్న షెడ్డులో కొలిమి లోపలి ఇటుకలు అరిగిపోయాయి. కొత్త ఇటుక వేయించాలి, లేదా కొలిమి ఆర్పేయాలి. ఆ పని తెలిసిన మేస్త్రి ఒక్కడే ఉన్నాడు, వారంలో వస్తానన్నాడు. కొలిమి ఆరితే షెడ్డు మూత పడుతుంది. షెడ్డు మూత పడితే, నలభై ఏళ్ళుగా ఇత్తడి తప్ప మరో పని ఎరగని అన్న ఇంట్లో కుర్చీకి అంటుకుపోతాడు.

అమ్మకాల చిక్కు విప్పడానికి అంతకుముందే పూనుకున్నది కోడలు. పెళ్ళై ఇంటికొచ్చి ఏడాదిన్నర. మార్కెట్ రీసెర్చ్ కంపెనీలో ఉద్యోగం. జనం ఏం కొంటారు, ఎందుకు కొంటారు అన్నది లెక్క కట్టి చెప్పడం ఆమె పని. "ఎవరెవరి సబ్బులకో షాంపూలకో లెక్కలు కడుతుంది, ఇంటి తాళాలకి కట్టదా? ఓసారి అడగండి" అని భార్య పోరగా పోరగా, మూడు నెలలకి ఆయన నోరు తెరిచి అడిగాడు.

కోడలు పద్ధతిగా చేసింది. పన్నెండు తాళాల్నీ జనం ముందు పెట్టించి, ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులేస్తారో రాయించుకుంది. ఆ మార్కుల్ని ఒక పక్కన, తాళం బరువు, ధర, చెవులెన్ని, మెరుగెంత అన్నవి మరో పక్కన పెట్టి, వీటిలో ఏది ఎంత పని చేస్తోందో విడదీసే లెక్క కట్టింది. దాన్ని రిగ్రెషన్ అంటారు. పేరు ఎలా ఉన్నా, నలుగురు కలిసి మోసిన బరువులో ఎవరి భుజం మీద ఎంత పడిందో చెప్పడమే దాని పని.

శుక్రవారం ఉదయం ఆమె ఆఫీసుకి చెప్పులు వేసుకుంటుంటే మామగారు అడ్డం తగిలాడు.

"తేలిందా అమ్మాయ్?"

"ఒక కాగితం వచ్చింది మామయ్యగారూ. ఇంకా సరిచూడలేదు. సాయంత్రం కూర్చుని చూసి చెప్తాను."

"చూస్తే అరిగిపోతుందా? ఇటివ్వు."

ఆమె ఇవ్వక తప్పలేదు. కాగితం మీద బరువు పక్కన మైనస్ గుర్తు ఉంది. ధర పక్కన ప్లస్ గుర్తు ఉంది. ఆయన గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివాడు. బరువు తగ్గేకొద్దీ జనానికి ఇష్టం పెరుగుతుంది. ధర పెరిగేకొద్దీ కూడా ఇష్టం పెరుగుతుంది. అంటే తేలిక సరుకు, ఎక్కువ ధర. ఏ వ్యాపారస్తుడైనా పైకి అడగడానికి సిగ్గుపడే వరాన్ని నాలుగొందల మంది సంతకం పెట్టి మరీ ఇచ్చినట్టుంది. ఇంత తియ్యగా ఉన్న మాటని ఇంకెవరైనా తెచ్చి చెప్తే ఆయన వెంటనే అనుమానించేవాడు. తన కాగితం కాబట్టి అనుమానించలేదు.

మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళాడు. అన్న అచ్చులోని ఇసుకని వేళ్ళతో సర్దుతున్నాడు.

"అన్నయ్యా, లెక్క వచ్చింది. జనానికి బరువు అక్కర్లేదట. తేలిక తాళం కావాలట."

"తేలిక అంటే?"

"రేకు. ఇంకేముంది? రేకు నొక్కే యంత్రం ఒకటి చూసుకుంటాను. ఇటుక మేస్త్రిని రావద్దన్నాను."

అన్న చేతికంటిన ఇసుక దులుపుకున్నాడు. "ఎప్పుడన్నావు?"

"ఇప్పుడే, దారిలో."

"నాకు చెప్పి అనొచ్చు కదరా."

"నాలుగొందల మంది చెప్పారు అన్నయ్యా. నా సొంత మాట కాదు."

"నాలుగొందల మందిలో నేను లేను" అన్నాడు అన్న, మళ్ళీ ఇసుకలోకి వంగి. తిట్టి ఉంటే తమ్ముడికి భోజనం సహించేది.

సాయంత్రం కోడలు వచ్చేసరికి అత్తగారు వంటింటి బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. మామగారు పక్కనే కూర్చుని ఒలిచినవి ఒలిచినట్టు నోట్లో వేసుకుంటున్నాడు. కోడలు సంచీ కింద పెట్టకముందే అసలు విషయంలోకి దిగింది.

"మామయ్యగారూ, పొద్దున్న కాగితం చెల్లదు."

"చెల్లదంటే?"

"ఒక వీధిలో నింపిన ఇరవై రెండు కాగితాలు తీసేసి, మిగిలినవాటితో మళ్ళీ లెక్క కట్టి చూశాను. బరువు ప్లస్ అయింది, ధర మైనస్ అయింది. ఇరవై రెండు తీస్తే తలకిందులయ్యే లెక్కని నమ్మకూడదు."

"మరి అంతమందీ అబద్ధం రాశారా?"

"నిజమే రాశారు. మనమే వాళ్ళ దగ్గర జవాబు లేని ప్రశ్న అడిగాం. ఒక మాట చెప్పండి. తాళానికి ధర ఎలా కడతారు?"

ఆయన ఆమెని వింతగా చూశాడు. "అదేం మాట? త్రాసు లేదూ? గ్రాములని బట్టి. మా నాన్న కాలం నుంచీ అంతే."

కోడలు పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. "అందరూ మిమ్మల్ని త్రాసాయన అంటుంటే, మీ న్యాయబుద్ధి చూసి అంటున్నారనుకున్నాను."

అత్తగారి చేతిలోంచి బఠాణీ కాయ జారి కింద పడింది. నవ్వు ఆపుకోడానికి ఆమెకి కొంతసేపు పట్టింది. తప్పు ఒకరిది కాదు మరి. షాపు తెరిచే వేళకి కోడలు ఆఫీసులో ఉంటుంది. ధరల పట్టీ కాగితం మీద రాసి ఇచ్చినవాడు, ఆ ధరలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాలనుకోలేదు. సూర్యుడు ఉదయిస్తాడని ఎవరైనా పనిగట్టుకుని చెప్తారా?

"సరే, తూకంతో ధర కడితే వచ్చిన నష్టమేమిటి?"

"మీరూ పెదమామయ్యగారూ పెళ్ళిళ్ళకి ఎప్పుడైనా విడివిడిగా వెళ్ళారా?"

"లేదు. ఒక్కడే వెళ్తే అన్నయ్య దారి తప్పుతాడు."

"మీరిద్దరూ దిగగానే పెళ్ళివాళ్ళు లేచి ఎదురొస్తారు. ఎవరిని చూసి?"

"నన్ను చూసి."

"బావగారిని చూసి" అంది భార్య. "మిమ్మల్ని చూస్తే వాళ్ళకి గ్రాము ధర గుర్తొస్తుంది."

"చూశారా" అంది కోడలు. "ఇద్దరూ ఎప్పుడూ కలిసే వెళ్తే ఏ లెక్కా తేల్చలేదు. మన షాపులో బరువూ ధరా అలాగే జంటగా తిరుగుతున్నాయి. బరువైన తాళం ప్రతిదీ ఖరీదైనదే, తేలికైనది ప్రతిదీ చవకే. మార్కు వేసినవాడు దేన్ని చూసి వేశాడో వాడికే తెలియదు. లెక్క ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి ఒకదానికి ప్లస్, ఒకదానికి మైనస్ పంచి ఇచ్చింది. రేపు మళ్ళీ అడిగితే మార్చి పంచుతుంది."

"అయితే రేకు తాళం మాట?"

"మన పన్నెండూ ఇత్తడి పోతవే కదా. రేకు గురించి ఒక్క మనిషిని కూడా అడగలేదు. తేలిక అంటే రేకు అని కాగితం అనలేదు మామయ్యగారూ. అది మీరు కలిపారు."

ఆయన బఠాణీలు తినడం మానేశాడు. లేచి వెళ్ళి ఇటుక మేస్త్రికి ఫోన్ చేశాడు. మేస్త్రి ఆ వారం వేరే చోట ఒప్పేసుకున్నాడట. పదహారు రోజుల తర్వాత ఖాళీ ఉంది, అది దాటితే ఇక వానలు వెళ్ళాకే అన్నాడు. వానలు వెళ్ళేదాకా ఆ కొలిమి నిలవదు. "పదహారు రోజులు" అంటూ తిరిగి వచ్చి కూర్చున్నాడు. "నీ లెక్క ఈలోపు తేలుతుందా?"

"జంట విడదీస్తే తేలుతుంది."

ఆ రాత్రే ఆమె ఒక పట్టీ రాసి ఇచ్చింది. ఎనిమిది తాళాలు కావాలి. బరువైనవి నాలుగు, తేలికవి నాలుగు. ఆ ప్రతి నాలుగింటిలో రెండు పోతవి, రెండు రేకువి. ఆ ప్రతి రెండింటిలో ఒకదానికి ఎక్కువ ధర, ఒకదానికి తక్కువ ధర. చూడ్డానికి అన్నీ ఒకే కొలత. ఇలా కలిపితే బరువు వెంట ధర తిరగదు, ధర వెంట రేకు తిరగదు. దేని పని దానిదే కనిపిస్తుంది.

పట్టీ చూసి త్రాసాయన మొహం ముడుచుకుంది. "బరువైనదానికి తక్కువ ధర చీటీ కట్టాలా? తేలికదానికి ఎక్కువా? నా చేత్తోనా?"

"అమ్మక్కర్లేదు. వరసలో పెట్టమని అడగడానికే."

అసలు కష్టపడింది అన్న. బరువైన రేకు తాళం లోకంలో లేదు, తేలికైన పోత తాళం ఆయన ఎన్నడూ పోయలేదు. రేకు తాళాలు కొనుక్కొచ్చి, వాటి పొట్ట విప్పి సీసం నింపాడు. పోత వాటికి అచ్చు మధ్యలో ఇసుక ముద్ద నిలబెట్టి, లోపల బోలుగా వచ్చేలా పోశాడు. మొదటి మూడూ గోడ పలచనై చిల్లు పడ్డాయి. నాలుగోది నిలబడింది.

"నన్ను పనిలో ఉంచాలా తీసెయ్యాలా అన్న పరీక్షకి ప్రశ్నపత్రం నేనే తయారు చేస్తున్నాను" అన్నాడు అన్న, సీసం నింపిన రేకు తాళాన్ని తమ్ముడి చేతిలో పెడుతూ. "దీని కడుపు చూడు, నీ కడుపులాగే ఉంది."

తమ్ముడు నవ్వబోయి ఆగాడు. "ఒకవేళ లెక్క రేకు వైపే తేలితే?"

"తేలితే తేలుతుంది. ఈసారి నాకు ముందు చెప్పు, చాలు."

ఆరు రోజులు షాపు ముందు బల్ల వేసి, వచ్చినవాళ్ళని ఎనిమిది తాళాల్నీ బాగా నచ్చిందాని నుంచి నచ్చనిదాని దాకా వరసగా పెట్టమన్నారు. కోడలు సెలవు పెట్టి రాసుకుంది. త్రాసాయన కుర్చీలో కూర్చుని మనుషుల్ని చదివాడు. వచ్చేవాడి నడక చూసి మనసులో ముందే ఒక వరస కట్టేవాడు, తర్వాత సరిచూసుకునేవాడు. మొదటి రోజు సగం కూడా కలవలేదు. రెండో రోజు ఆ సంగతి ఎవరికీ చెప్పడం మానేశాడు.

ధాన్యం గోడౌను కాపలాదారు ఒకాయన బరువైన పోత తాళాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. చీటీ చూసి కనుబొమ్మలు ఎత్తాడు. "ఇంత బరువు పెట్టి ఇంత తక్కువా? లోపల ఏం మాయ చేశారు?" అని అడిగి, అదే బరువుకి ఎక్కువ ధర ఉన్నదాన్ని ముందు పెట్టి, దీన్ని రెండో చోట పెట్టాడు.

మరునాడు ఒక నర్సు వచ్చింది. నలిగిన చేతిసంచీ, అరిగిన చెప్పులు. చవక రేకు తాళం మీద చెయ్యి వేస్తుందని ఆయన అనుకున్నాడు. ఆమె రేకు తాళాన్ని గోటితో కొట్టి చూసి, చివరికి నెట్టేసింది.

"డబ్బాలా మోగుతోంది. దీన్ని నమ్మి లాకర్లో వస్తువులు పెట్టడం ఎలా?"

తర్వాత తేలికైన పోత తాళాల్లో తక్కువ ధరదాన్ని మొదట పెట్టి, ఎక్కువ ధర చీటీ ఉన్నదాన్నే రెండో చోట పెట్టింది. త్రాసాయన ఉండబట్టలేకపోయాడు.

"ధర చూశారామ్మా?"

"చూశానండీ. రోజూ మోసేది నేను."

నూట అరవై మంది అయ్యాక కోడలు రెండు రోజులు లెక్కలో పడిపోయింది. ఆదివారం ఉదయం నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. అన్న ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు.

"అందర్నీ ఒక్క ముద్ద చేసి చూస్తే, బరువు పక్కన దాదాపు సున్నా" అంది కోడలు.

"సున్నానా? ఎవరికీ పట్టదన్నమాట" అన్నాడు త్రాసాయన నీరసంగా.

"అందరికీ పడుతుంది, చెరో వైపుకి. తాడుని ఇద్దరు సమంగా లాగితే మధ్య ముడి కదలదు కదా, అలాగన్నమాట. అందుకే ముద్ద చెయ్యకుండా, ఎవరి వరస ఎవరి వరసలా ఉందో చూసి మనుషుల్ని కుప్పలు పోశాను. దీన్ని క్లస్టర్ లెక్క అంటారు. రెండు కుప్పలు తేలాయి. తొంభై ఏడు మందికి బరువు కావాలి. అరవై ముగ్గురికి తేలిక కావాలి, దానికి ఎక్కువ ధర అయినా వెనక్కి తగ్గరు. కుప్పలకి పేర్లు లెక్క పెట్టదు, మనమే పెట్టాలి."

"డబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు" అన్నాడు త్రాసాయన.

"కాదు. రెండింటిలోనూ రెండు రకాలూ ఉన్నారు."

"వేలాడదీసేవాళ్ళు, మోసేవాళ్ళు" అన్నాడు అన్న. అంతసేపటికి ఆయన అన్నది ఆ ఒక్క మాటే. కోడలు కాగితాలు తిరగేసింది. మొదటి కుప్పలో గోడౌన్లు, ఇళ్ళు, షట్టర్లు. రెండో కుప్పలో సైకిళ్ళు, హాస్టలు పెట్టెలు, డ్యూటీ లాకర్లు. ఆ పేర్లే రాసుకుంది.

"మరి పోత, రేకు మాటేమిటి?" ఈసారి అడిగింది అత్తగారు. అడగాల్సినవాళ్ళు ఇద్దరూ అడగలేక కూర్చున్నారని ఆమెకి తెలుసు.

"పోత తాళమే కావాలన్నారు. దానికిచ్చిన విలువ ధర కంటే ఎక్కువ."

"రెండు కుప్పల్లోనా?" అన్నాడు అన్న.

"రెండింటిలోనూ పెదమామయ్యగారూ."

"మోసేవాళ్ళు కూడానా?"

"వాళ్ళే ఎక్కువ."

అన్న తల ఊపి, చొక్కా చేతి మడత సరిచేసుకున్నాడు.

త్రాసాయన మాత్రం లేచి అటూ ఇటూ నడిచాడు. "అమ్మాయ్, నీ లెక్కలో ఒకటి లేదు. తొంభై ఏడు పెద్ద కుప్ప, అరవై మూడు చిన్న కుప్ప అంటున్నావు. వేలాడదీసేవాడు ఒక తాళం కొంటే మళ్ళీ వచ్చేసరికి నా పళ్ళు ఊడతాయి. మోసేవాడు ఏడాదికి ఒకటైనా ఎక్కడో వదిలేస్తాడు. నాకు చిన్న కుప్పే పెద్దది."

కోడలు పెన్సిలు తీసింది. "ఇది ఏ కాగితంలోనూ రాలేదు మామయ్యగారూ."

"తాళాలు పారేసుకుంటామని కాగితం మీద ఎవడు రాస్తాడు?"

అక్కడిదాకా అంతా బాగానే ఉంది. చిక్కు ఆ తర్వాత తగిలింది. బోలు తాళాన్ని త్రాసులో వేస్తే, బరువైనదానిలో సగం ధర పలుకుతుంది. పోసేటప్పుడు మాత్రం నాలుగింట ఒకటి చెడుతోంది. తూకం ధరకి అది గిట్టదు. గిట్టే ధర పెట్టాలంటే తూకం ఎత్తేయాలి. కొనేవాళ్ళు ఆ ధర ఇస్తామనే అంటున్నారు. ఇవ్వనన్నది త్రాసే.

ఆయన ఆ పూట షాపు తెరిచి, ఎవరూ లేని చోట కూర్చుని ఈ సంగతి అటూ ఇటూ తిప్పి చూశాడు. తండ్రి త్రాసు ఎందుకు పెట్టాడు? కొనేవాడు మోసపోయానని అనుకోకూడదని. మరి సంచీ బరువు తగ్గించుకోడానికి వచ్చిన మనిషికి బరువుని బట్టి ధర చెప్పడం ఏ న్యాయం? ఆ మనిషికి ఎంత తక్కువ ఇస్తే అంత ఎక్కువ ఇచ్చినట్టు. తండ్రి కాలంలో తాళాలన్నీ తలుపులకి వేలాడేవి, మనుషులతో తిరిగేవి కావు. తండ్రి తన కాలానికి సరిగ్గానే తూచాడు. కొడుకు పాత తూకంతో కొత్త మనుషుల్ని తూచబోయాడు, కాస్తలో అన్నని కూడా తూచి పక్కన పెట్టేసేవాడు.

సాయంత్రం షెడ్డుకి వెళ్ళి, ఈసారి ముందుగా అన్నకే చెప్పాడు. "మేస్త్రి రేపు వస్తాడు. త్రాసు తీసేస్తున్నాను."

"నాన్న త్రాసునా?"

"ధరల చీటీలు కడతాను. నీ బోలు తాళానికి గిట్టే ధర పెడతాను. నువ్వు ఆ నాలుగింట ఒకటి చెడడం మాత్రం తగ్గించాలి."

"తగ్గిస్తాను" అన్నాడు అన్న. చిటికెడు ఇసుక నలిపి చూసి, "ఇసుకలో తడి ఎక్కువవుతోంది. ఎక్కడ తప్పు జరుగుతోందో తెలుసు" అన్నాడు.

ఏడాది తిరిగాక ఆయన వేసుకున్న లెక్క ఇది. పోయినవి: తూకం లేని షాపులో కొననని మొహం మీద చెప్పి వెళ్ళిపోయిన పాత ఖాతాదారులు పదకొండు మంది, వాళ్ళలో ఇద్దరు మంచి స్నేహితులు; బేరాలాడేవాళ్ళతో రోజూ కంఠశోష; బరువైన తాళాల అమ్మకం పెరుగుతుందన్న ఆశ, అది పెరగలేదు, ఉన్నచోటే ఉంది. కలిసొచ్చినవి: రెండు హాస్టళ్ళు, ఒక ఆసుపత్రి, లెక్కలేనంతమంది సైకిళ్ళవాళ్ళు, పద్నాలుగింట ఒకటికి తగ్గిన చెడుపోత, వారానికి ఆరు రోజులు మండే కొలిమి, ఏ కొత్త సరుకైనా ముందు ముగ్గురితో కూర్చుని మాట్లాడే అలవాటు, పేరంటూ పెట్టని ఆ బోలు తాళాన్ని రోజుకి నలభై చొప్పున పోస్తూ, ఇంకో పనివాణ్ణి పెట్టమని తమ్ముణ్ణి సతాయిస్తున్న అన్న.